రుజువు అడిగినవాడు పాపియా?



మన గ్రామ సంఘములలో ఒక అలవాటు వేరూనినది. ఒక పడుచువాడు మందిరపు వసారాలో నిలువబడి, "అయ్యగారూ, దీనికి రుజువేమిటండి?" అని అడిగెనా, పెద్దలు వెంటనే, "నమ్మాలిగాని అడక్కూడదురా! అలా అడిగినవాడే తోమా" అని వాని నోరు మూయించుచున్నారు. వాడు నోరు మూసికొనును. కొన్నాళ్లకు మందిరమునకు వచ్చుట కూడ మానును. అప్పుడు ఆ పెద్దలే, "చదువుకున్నాక కుర్రాడికి విశ్వాసం పోయిందండి" అని నిట్టూర్చుదురు. చదువు వాని విశ్వాసమును తీసివేయలేదు. వాని ప్రశ్నకు తలుపు మూసినవారే దానిని తీసివేసిరి. ఈ సంగతి నేడు కొంచెము గట్టిగానే చెప్పదలచితిని. నొచ్చుకొనక కడవరకు చదువుడి.

"నమ్ముము, విచారింపకుము" అను ఆజ్ఞ పరిశుద్ధ గ్రంథములో ఎక్కడను లేదు. అది విశ్వాసము పలుకు మాట కాదు. మంచి నోటు ఇచ్చువాడు, "దీపము దగ్గర పెట్టి చూచుకొనుడి" అనును. దొంగనోటు మార్చువాడు మాత్రమే, "నా మాట మీద నమ్మకము లేదా?" అని కోపపడును.

లోకసంబంధమైన సంగతులలో మనమెంత జాగ్రత్త గలవారమో చూడుడి. కొబ్బరికాయ కొనువాడు దానిని చెవిదగ్గర ఊపి నీళ్ల చప్పుడు వినును. చేను కొనువాడు కాగితములు చూచును, గట్లు చూచును, పొరుగువారిని అడుగును. 2014వ సంవత్సరము జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మన అప్పనపల్లి పొరుగుననున్న నగరం గ్రామములో గ్యాసు గొట్టము ప్రేలినది. ఇరవైమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయినవి. ఆ గొట్టమును ఎప్పుడు వేసిరి, దానిని ఎవరు పరీక్షించుచున్నారు, తుప్పు పట్టలేదని రుజువేమి అని అడిగినవానిని మనలో ఎవరైన అవిశ్వాసి అనగలమా? పిల్లలను ప్రేమించువాడు అడుగకుండునా? నేలక్రింద పోవు గొట్టమును గూర్చి అడుగవచ్చునట, నిత్యజీవమును గూర్చి అడుగరాదట! ఇది ఎక్కడి న్యాయము?

తోమాను మనము అన్యాయముగా నిందించుచున్నాము. యోహాను సువార్త 20వ అధ్యాయము తెరచి నెమ్మదిగా చదువుడి. ప్రభువు లేచిన దినపు సాయంకాలమున శిష్యులున్న గదిలోనికి వచ్చి, ఎవరును అడుగకమునుపే, తన చేతులను ప్రక్కను వారికి చూపెను. వారు చూచిరి, చూచి సంతోషించిరి. తన్ను తాకి చూడుమని కూడ ఆయన వారిని పిలిచెనని లూకా వ్రాసెను. ఆ వేళ తోమా అక్కడ లేడు. తక్కిన పదిమందికి ఏది అనుగ్రహింపబడెనో అదే తనకును కావలెనని అతడు అడిగెను. ఎనిమిది దినములైన పిమ్మట ప్రభువు మరల వచ్చి ఏమి చేసెను? తోమాను వెలివేసెనా? లేదు. గాయములు చూపెను. మనము నోరు మూయించిన చోట ఆయన చేయి చాపెను.

"అయితే చూడక నమ్మినవారు ధన్యులని ప్రభువే చెప్పెను గదా?" అని మీరందురు. నిజమే. ఆ మాట మనకొరకే. అయితే చూడకపోవుట వేరు, విచారింపకపోవుట వేరు. మనము గాయములను చూడలేదు. చూచినవారి సాక్ష్యమును విని, అది నమ్మదగినదో కాదో ఆలోచించి నమ్మితిమి. ఆ ధన్యతను చెప్పిన వెంటనే యోహాను, తాను ఈ సంగతులను వ్రాసినది చదువువారు నమ్మునట్లేనని తెలియజేసెను. విచారణ అక్కరలేనిచో సాక్ష్యమును వ్రాసి ఉంచనేల?

హెబ్రీ పత్రిక 11వ అధ్యాయపు మొదటి వచనమును కూడ చూడుడి. విశ్వాసమనగా ఏమో తెలుపు ఆ వచనములో మన తెలుగు బైబిలు తర్జుమాదారులు "రుజువు" అను మాటనే ఉంచిరి. ఆ మాట మనకు పరాయిది కాదు, మన ఇంటి మాటయే. అదృశ్యమైనవాటికి విశ్వాసమే రుజువైనచో ఆ విశ్వాసము ఎక్కడ కనబడును? ఆ అధ్యాయము తుదవరకు చదివినయెడల తెలియును. నోవహు ఓడ కట్టెను. అబ్రాహాము ఇల్లు విడిచి బయలుదేరెను. మోషే రాజభోగమును విడిచి, శ్రమపడు ప్రజలతో చేరెను. వారి విశ్వాసము వారు చేసిన పనిలో కనబడెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు వత్తుము.

పౌలు కొరింథీయులకు వ్రాయుచు, లేచిన ప్రభువును ఐదువందలకు పైగా సహోదరులు చూచిరనియు, వారిలో అనేకులు ఇంకను బ్రదికియున్నారనియు చెప్పెను. ఆ మాటకు అర్థమేమి? వెళ్లి అడిగి తెలిసికొనవచ్చుననియే గదా. బెరయవారు ఆ పౌలు బోధనే ప్రతిదినము లేఖనములతో పోల్చి పరీక్షించినందున ఘనులని అపొస్తలుల కార్యముల గ్రంథము మెచ్చుకొనుచున్నది. ప్రవక్త పలికినది జరుగనియెడల అతనికి భయపడనక్కరలేదని ద్వితీయోపదేశకాండము నేర్పుచున్నది. అపొస్తలునినే పరీక్షింపవచ్చునని గ్రంథము చెప్పుచుండగా, మైకు పట్టుకొన్న ప్రతి బోధకుడును పరీక్షకు అతీతుడెట్లగును?

ఇప్పుడు అసలు నొప్పి ఉన్న చోట వ్రేలు పెట్టుదును. స్వస్థత కూటములలో, "నీవు బాగుపడితివి, ఇక బిళ్లలు మ్రింగకుము, మ్రింగుట అవిశ్వాసము" అని చెప్పువారు కలరు. ఆ మాట ఎంత ప్రమాదకరమో క్షయవ్యాధిని బట్టి తెలిసికొనుడి. సాధారణముగా దాని మందులు ఆరు నెలలు వాడవలెను. ప్రభుత్వాసుపత్రిలో అవి ఉచితముగా ఇత్తురు. రెండు నెలలు వాడువరకు దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒంటికి కండ పట్టును. సరిగా ఆ సమయమున ఒకడు వచ్చి తలపై చేయి పెట్టి, "స్వస్థత కలిగెను" అనిన, అది నిజమేనని రోగికి తోచును. బిళ్లలు మానును. కాని ఊపిరితిత్తులలో చావక మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారవచ్చును. రోగము తిరుగబడినప్పుడు పాత బిళ్లలు పనిచేయకపోవచ్చును. ఆ మొండి రోగమే ఒకే గదిలో పడుకొను భార్యకును బిడ్డలకును అంటుకొనును. చదువరీ, ఆ ఇంట సమాధి త్రవ్వవలసివచ్చిన దినమున ఆ బోధకుడు ఎక్కడ ఉండును? మరియొక ఊరిలో మరియొక పందిరి క్రింద ఉండును. అతని మాటకు రుజువు అడుగకూడదని నేర్పిన మనము మాత్రము సమాధియొద్ద నిలువబడుదుము.

మన ప్రభువు ఏమి చేసెనో చూడుడి. ఆయన కుష్ఠురోగిని ముట్టి శుద్ధునిగా చేసి, వెంటనే యాజకుని యొద్దకు వెళ్లి కనబడుమని పంపెను. ఏలయనగా కుష్ఠు పోయినదో లేదో పరీక్షించి నిర్ణయించువాడు ఆ దినములలో యాజకుడే. స్వస్థపరచిన దేవుని కుమారుడు తన పనిని పరీక్షకు పంపెను! మన కాలములో ఆ పరీక్ష చేయువాడు ఆసుపత్రిలోని వైద్యుడు. కఫము పరీక్షింపవద్దు, రక్తము పరీక్షింపవద్దు అనువాడు యేసుకంటె గొప్ప స్వస్థతకర్తయా?

పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని సలహా చెప్పెను. రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చితినని దాచక వ్రాసెను. యెషయా హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించెను. వీరు విశ్వాసము లేనివారా? మన దేశమునకు సువార్త తెచ్చినవారు కూడ ఈ దారినే నడిచిరి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో క్షయరోగుల కొరకు శానిటోరియము నడిపినవారు మిషనులవారే. గుంటూరులో స్త్రీలకును బిడ్డలకును ఆసుపత్రి కట్టిన డాక్టరు అన్నా కుగ్లర్ మిషనెరీయే. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేసిన డాక్టరు ఇసబెల్ కెర్ కూడ మిషనెరీయే. ఉదయమున మోకాళ్లూని ప్రార్థించినవారే పగలంతయు సూది మందు వేసిరి, పుండ్లు కడిగిరి. మందు వారి ప్రార్థనకు పోటీ కాలేదు.

తాయెత్తులతో మంత్రములతో రోగములు కుదుర్తుమని ప్రకటించుటను అరికట్టుటకు 1954లోనే మన దేశములో చట్టము చేసిరి. నూనె సీసాకు సిలువ బొమ్మ అంటించినంత మాత్రమున అది తాయెత్తు కాకపోవునా?

మనకు ఇబ్బంది కలిగించు రుజువును కూడ మనము దాచరాదు. 2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితము వెలువడెను. ఆరు ఆసుపత్రులలో గుండె ఆపరేషను చేయించుకొన్న 1,802 మంది రోగులను మూడు గుంపులుగా చేసిరి. కొందరికొరకు పరాయి ఊళ్లవారు ప్రార్థించిరి, కొందరికొరకు వారు ప్రార్థింపలేదు. ఫలితములో మేలైన తేడా కనబడలేదు. తమకొరకు నిశ్చయముగా ప్రార్థన జరుగుచున్నదని తెలిసినవారిలో కష్టములు కొంచెము ఎక్కువగానే వచ్చెను. దీనికి మనమేమందుము? లేదనుచు కోపపడుదుమా? అక్కరలేదు. ప్రార్థనను బిళ్లవలె కొలిచి ఇత్తును, ఇన్ని దినములలో ఇంత గుణము అని అమ్మువాని మాట అబద్ధమని ఆ పరిశోధన తేల్చినది, తేల్చుట మంచిదైనది. బిడ్డ తండ్రిని అడుగుట ప్రార్థన. మీట నొక్కుట ప్రార్థన కాదు. గెత్సేమనేలో కుమారుడు అడిగిన గిన్నె తొలగలేదు. అయినను ఆయన తండ్రిని విడువలేదు. ఆ తోటను ఎరిగినవాడు ఈ పరిశోధనకు భయపడడు.

విచారణకు భయపడనివారు దేనిని పోగొట్టుకొనరు. ఫ్రాన్సు దేశములోని లూర్దులో రోమను కతోలికులు 1883 నుండి వైద్యుల కార్యాలయము ఉంచి స్వస్థతలను విచారించుచున్నారు. ఏడువేలకు పైగా సంగతులు వారి యెదుటికి వచ్చెను. అద్భుతములని వారి సభ ఒప్పుకొన్నవి డెబ్బదికి స్వల్పముగా మించినవి. వాటిని గూర్చి మనము ఏమి తలంచినను, వడియగట్టుటకు వారు వెనుదీయలేదు. ఇందుకు మారుగా 2012లో బొంబాయిలో ఏమి జరిగెనో చూడుడి. ఒక దేవాలయములో సిలువ ప్రతిమ పాదములనుండి నీరు బొట్లుబొట్లుగా కారగా జనులు దానిని పట్టుకొనిరి. సనల్ ఎడమరుకు అను హేతువాది వచ్చి చూచి, దగ్గరనున్న మరుగుదొడ్డి కాలువ మూసికొనిపోయి ఆ నీరు గోడలో ప్రాకి కారుచున్నదని చూపెను. దానిని కనిపెట్టవలసినవారము మనమే. కనిపెట్టినవానికి కృతజ్ఞతలు చెప్పుటకు మారుగా మనవారిలో కొందరు అతనిమీద కేసులు పెట్టిరి. అతడు దేశము విడిచి ఫిన్లాండుకు పోయెను. సత్యమైన దేవుని పక్షముననున్నవారికి మురికినీటిని కాపాడవలసిన అవసరమేమి?

మన తెలుగు దేశములోనే గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారిని (1902-1975) తలంచుకొనుడి. ఆయన నాస్తికుడు. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచుండగా, నాస్తిక భావములను బట్టి 1933లో ఆయనను ఉద్యోగమునుండి తొలగించిరి. దానితో ఆయన నాస్తికత పోయెనా? 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించి, 1947లో దానిని విజయవాడకు మార్చెను. నోరు మూయించుట జవాబు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇంకను ఒక సంగతి. అంటరానితనమును ఒప్పుకొనని ఆ నాస్తికుడు 1948లో సేవాగ్రామములో తన కుమార్తెను దళిత కుటుంబపు యువకునికిచ్చి వివాహము చేసెను. ఇప్పుడు మనలను మనము ప్రశ్నించుకొందము. క్రీస్తునందు యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని ప్రతి ఆదివారము వినుచున్న మనము, సంబంధము కుదుర్చుకొనునప్పుడు మొదట ఏమి అడుగుచున్నాము? "ఏ పేటవారండి?" అని కాదా? సమాధి స్థలము దగ్గర గీతలు గీయుచున్నాము కాదా? హెబ్రీ పత్రిక చెప్పిన రుజువు మనయొద్ద ఎక్కడ? శిష్యులు ఒకరినొకరు ప్రేమించుటను బట్టియే లోకము వారిని గుర్తించునని ప్రభువు చెప్పెను. ఆ మాటతో ఆయన మనలను పరీక్షించు హక్కు లోకము చేతికి ఇచ్చెను. మన పడుచువారు రుజువు అడుగునప్పుడు అనేకసార్లు వారు అడుగునది ఇదే. మనకు కోపము వచ్చుట కూడ అందుకే.

హేతువాద మిత్రులతోను ఒక మాట చెప్పవలెను. బల్లమీద పెట్టి చూపగలిగినదే నిజము, తక్కినదంతయు భ్రమ అని మీరందురా? అమలాపురము కోర్టులో న్యాయాధిపతి జరిగిపోయిన సంగతిని మరల జరిపించి చూడడు. సాక్షులను విచారించును, వారి మాటలను పోల్చును, అబద్ధమాడుటవలన వారికి లాభమేమని అడుగును. క్రీస్తు లేచెననునది జరిగిన సంగతిని గూర్చిన సాక్ష్యము. దానిని అలాగే విచారింపుడి. ఆ సాక్ష్యము రెండును రెండును నాలుగు అనునట్లు మిమ్మును బలవంతము చేయదు, ఆ సంగతి నేను దాచను. అయితే మీ గోరాగారు మనుష్యులందరు సమానులని నమ్మెను గదా, దానిని ఏ త్రాసులో తూచెను? సమానులు కారని వేల సంవత్సరముల ఆచారము కేకలు వేయుచుండగా, ఆయన తన ఇంటిని, తన బిడ్డ జీవితమును ఆ నమ్మకముమీద ఉంచెను. చూపి ముగించగలిగినదానికి మించినదానిమీద మీరును బ్రదుకుచున్నారు. మేమును అంతే. ఎవరిమీద ఆనుకొంటిమనునదే మనమధ్య తేడా.

అడుగుటలోను రెండు విధములు కలవు. తెలిసికొనుటకు అడుగువాడొకడు, తప్పించుకొనుటకు అడుగువాడొకడు. పరిసయ్యులు అద్భుతములను చూచిన తరువాతనే మరియొక సూచక క్రియ కావలెననిరి. ప్రభువు వారికి ఇయ్యలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలోనుండి, రాబోవువాడవు నీవేనా అని అడిగించగా, ఆయన గద్దింపక, జరుగుచున్నవాటిని చూచి వెళ్లి చెప్పుడని అతని శిష్యులను పంపెను. మన పిల్లలను పరిసయ్యులతో లెక్కింపకుడి. వారిలో చెరసాలలోని యోహానులు ఎక్కువ.

కాబట్టి సంఘపెద్దలారా, ఈ పనులు చేయుడి. స్వస్థత కలిగెనని ఎవరైన సాక్ష్యమిచ్చినయెడల దేవుని స్తుతింపుడి, మరునాడే ఆసుపత్రికి పంపుడి. వైద్యుడు మానుమను వరకు మందు మానవద్దని మందిరములోనే చెప్పుడి. ప్రవచనము చెప్పువాని మాటను తేదీతో పుస్తకములో వ్రాసి ఉంచుడి. కానుకల లెక్క సంఘము ఎదుట చదువుడి. ధర్మద్రవ్యము విషయములో ఎవరును తప్పుపట్టకుండునట్లు పౌలే తోడు మనుష్యులను పెట్టుకొనెను. ప్రశ్న అడుగు పడుచువానిని కూర్చుండబెట్టి బైబిలు తెరువుడి. జవాబు తెలియనియెడల "తెలిసికొని చెప్పెదను బాబూ" అనుడి. ఆ మాటవలన మీ గౌరవము తగ్గదు.

గోదావరి పాయలను పంటు మీద దాటినవారికి ఈ సంగతి బోధపడును. ఎక్కకముందు చెక్కలు చూడుడి, నీరు ఊరుచున్నదేమో చూడుడి, సరంగు ఎటువంటివాడో రేవులోనివారిని అడుగుడి. "చిల్లు చూడవద్దు, ఎక్కుము" అనువాడు మిమ్మును ముంచును. అయితే ఎంతసేపు చూచినను చూచుట వలన ఎవరును ఆవలి ఒడ్డు చేరలేదు. "ఆవలికి చేరినట్లు రుజువు చూపినగాని కాలు పెట్టను" అనువాడు ప్రొద్దుగూకువరకు రేవులోనే నిలుచును. పరీక్షించి, నమ్మదగినవాడని తెలిసిన సరంగు చేతికి ప్రాణమును అప్పగించి కాలు పెట్టుటయే విశ్వాసము.

మన సరంగు తన చేతుల గాయములను చూపుటకు సిగ్గుపడనివాడు. ఆయన పేరిట ప్రశ్నలకు భయపడుట మనకు తగదు. అడుగుడి, అడుగనియ్యుడి, తెలిసిన వెలుగు కొలది అడుగు ముందుకు వేయుడి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.